సిమెంటు వాకిట్లో పిల్లల్ని ఎలా ఆడించాలి?

మీ డేకేర్ వాకిలంతా సిమెంటు, ఉన్నదల్లా ఒక రేకు జారుడుబల్ల, మట్టి అంటితే తల్లిదండ్రుల గొడవ, మూడు నాలుగేళ్ల పిల్లల్ని బయట ఆడించడం ఎలా అని అడిగారు కదండీ. మానేయకండి. ఈ వయసువాళ్లు రోజులో 180 నిమిషాలు కదులుతూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అది రాసి గేటుకు అంటించండి, సగం గొడవ తగ్గుతుంది.

ముందు జారుడుబల్ల. ఎండాకాలం పది దాటితే రేకు చుర్రుమంటుంది. చేతి వెనక వైపు ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే పిల్లల్ని ఎక్కించొద్దు. దిగే చోట మందంగా ఇసుక పోయించండి. రాత్రి టార్పాలిన్ కప్పాలి, లేదంటే పిల్లులు పాడుచేస్తాయి.

గోడ పక్కన గన్నేరు ఉందన్నారు, ఈ వారమే తీయించేయండి. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. అక్కడ మందార పెట్టుకోండి.

బొమ్మలకు డబ్బు తగలేయక్కర్లేదు. కొబ్బరి చిప్పలు, పాత గరిటెలు, చెంబుడు నీళ్లు ఇస్తే వాళ్లే ఇసుకతో పప్పన్నం వండి మీకే వడ్డిస్తారు. ఆట అయ్యాక బకెట్లు బోర్లించండి, అడుగున కాసిన్ని నీళ్లున్నా పసివాళ్లకు ప్రమాదమే. మట్టి గొడవంటారా, ఒక పాత జత బట్టలు బ్యాగులో పెట్టి పంపమనండి.