వాస్తు కోసం మూసిన కిటికీయా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండులో ఒక పల్లెలో ‘ఓల్డ్ వికరేజ్’ అని బోర్డున్న పాత ఇంటి పైభాగం అద్దెకు తీసుకుంది. వెళ్లి నెల రోజులున్నాను. పక్కనే చర్చి, కానీ ఆ ఇంట్లో పాస్టరు గారు లేరు. ఒక కిటికీని ఇటుకలతో మూసేశారు. వాస్తు కోసమా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వాస్తు కాదమ్మా, పన్ను అయి ఉండొచ్చు. అక్కడ 1696 నుంచి 1851 దాకా కిటికీలు లెక్కపెట్టి పన్ను వసూలు చేశారు. ఆ భారం తగ్గుతుందని జనం కొన్నింటిని మూయించారు. అయితే నలభై ఏళ్లు ఇళ్ల ప్లాన్లు గీసినవాణ్ని, నాకో అనుమానం. లోపల పొగగొట్టమో మెట్లో అడ్డొస్తే, బయటి వరస చెడకుండా ఉత్తుత్తి కిటికీ కట్టడమూ ఉంది. ఆ గోడకు లోపలివైపు ఏముందో మీ అమ్మాయిని చూడమనండి.

ఇక పేరు సంగతి. వికరేజ్ అంటే వికార్ అనే పాస్టరు ఉండే ఇల్లు. మన చర్చిల్లో దశమభాగం అంటారే, రాబడిలో పదో వంతు, అక్కడ ఒకప్పుడు అది చట్టప్రకారం కట్టాల్సిందే. ఊరి పాస్టరే అదంతా అందుకుంటే ఆయన్ని రెక్టర్ అనేవాళ్లు. చాలా ఊళ్లలో ధాన్యం, ఎండుగడ్డి మీది పెద్ద వాటా మఠాలకు పోయేది. వాళ్లకు బదులు ఊళ్లో ఉండే వికార్‌కు గొర్రెపిల్లలు, గుడ్లు, పండ్ల వంటి చిన్న వాటా. ఎనిమిదో హెన్రీ 1536–40 మధ్య మఠాలను మూయించాక పెద్ద వాటాలు చాలావరకు భూస్వాముల పాలయ్యాయి. గుడి మాన్యాలు దొరల చేతికి పోయిన కథలు మన వైపువాళ్లకు నేను చెప్పాలా!

మరి అంత ఇల్లెలా కట్టారంటారా? అప్పు. పదవి మీద వచ్చే రాబడిని తాకట్టు పెట్టి ఇల్లు కట్టుకోవచ్చని 1776లో చట్టం వచ్చింది. తీర్చే బాధ్యత తర్వాత వచ్చే వికార్‌ది కూడా!

ముందు తలుపు దగ్గర ఒక గది ఉందా? ఉంటే అది వికార్ గారి చదువుల గది కావచ్చు. పని మీద వచ్చిన ఊరివాళ్లు ఇల్లంతా తొక్కకుండా అక్కడే మాట్లాడి వెళ్లేవాళ్లు, మన గడీ ముందు కచేరీలా.

ఇరవయ్యో శతాబ్దంలో ఇలాంటి ఇళ్లను వెచ్చగా ఉంచడం, రిపేర్లు చేయించడం చర్చికి తలకు మించిన భారమైంది. చాలా అమ్మేశారు. అందుకే ఆ ‘ఓల్డ్’. వికార్లు చిన్న కొత్త ఇళ్లకు మారారు.

పైభాగం అన్నారు, సరిగ్గా కప్పు కిందైతే ఒకప్పుడు పనివాళ్లు పడుకున్న చోటు కావచ్చు. చలి ఎక్కువ. మంచి రజాయి పంపండి.