రాట్నాలు కొనకముందు ఒక్క మాట

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, నీ మేనకోడలికి నీ పిచ్చే పట్టింది. ఆదివారం ఆదివారం నలుగురు స్నేహితురాళ్లని ఇంటికి పిలిచి రాట్నం వడకడం మొదలుపెడుతుందట" అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నా తర్వాత మన ఇంట్లో కదురు, అదే నూలు చుట్టుకునే రాట్నం పుల్ల, ముట్టుకునే మనిషి ఉండదనుకున్నాను. సంతోషం ఎంత వేసిందో, భయం కూడా అంతే వేసింది. భయం దేనికో చెప్పాలనే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని లాప్‌టాప్ వైపు తిరిగిపోతావు. కాగితం మీద ఉంటే ఇంకోసారి చదువుతావు.

ముందు చిన్న విషయాలు. ఐదుగురూ ఐదు రాట్నాలు ఒకేసారి కొనకండి. తలా ఒక తకిలి చాలు, అంటే చేత్తో తిప్పి వడికే చిన్న కదురు. మా చిన్నప్పుడు బడిలో తకిలి తిప్పడానికి ఒక పీరియడే ఉండేది. వరండాలో బారుగా కూర్చుని తిప్పేవాళ్లం. పురి, అంటే పోగులో పడే మెలి, ఏమిటో వేళ్లకి తెలిసేది దానితోనే. చెయ్యి కుదిరాక ఒక్క పేటీ చరఖా కొని వంతులవారీగా తిప్పుకోండి. మూత వేస్తే చిన్న పెట్టెలా ఉంటుంది, మీ ఫ్లాట్‌లో మంచం కింద పట్టేస్తుంది. కదురు వంకర ఉందేమో నున్నటి బల్ల మీద దొర్లించి చూసి తీసుకో. వంకర కదురు ఒణుకుతుంది, పోగు తెగుతుంది, తప్పు నీ చేతిదనుకుని ఏడుస్తావు.

వడికేటప్పుడు ఫ్యాను ఆపండి. ఏసీ కూడా వద్దు. గాలి పొడిగా ఉంటే పత్తి పోగు ఊరికే తెగుతుంది. పొద్దున్నే కాస్త చెమ్మ ఉన్నప్పుడు కూర్చుంటే అదే ఏకు, అంటే వడకడానికి చుట్టి పెట్టిన దూది, మెత్తగా సాగుతుంది.

మొదటి రోజే పొందూరు ఖద్దరుకి వాడే సన్న నూలు వడుకుతామని మాత్రం కూర్చోకండి. నీ సంగతి నాకు తెలుసు. "అత్త వాళ్లది పొందూరు పక్కనే" అని అందరికీ చెప్పుకుని ఉంటావు. పొందూరులో ఆ పని చేసేవాళ్లని నేను దగ్గరగా చూశాను. కొండపత్తిని గింజ మీద ఉండగానే వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ పళ్లు ఎంత సన్నమంటే పత్తిలో నలక ఒక్కటి మిగలదు. తర్వాత గింజ తీయాలి, విల్లుతో దూది ఏకాలి, ఏకులు చుట్టాలి. చుట్టిన ఏకు నలగకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని, ఇరవై నాలుగు ఆకుల, అంటే చువ్వల, పెద్ద చక్రం తిప్పుతూ వడుకుతారు. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం; నూరో నంబరు నూలంటే ఒక్క గ్రాము దూదిలోంచి దాదాపు 169 మీటర్ల పోగు రావాలి. ఈ బట్ట సంగతి విని గాంధీగారు 1921లో తన కొడుకు దేవదాస్‌ని పొందూరు పంపించి చూసి రమ్మన్నారని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత పనితనం పుట్టినప్పటినుంచీ ఆ చప్పుడు మధ్య పెరిగిన చేతులకి వస్తుంది. నువ్వు పదిహేనో నంబరు, ఇరవయ్యో నంబరు వడికినా నాకు పండగే.

ఏకుని పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో. నొక్కితే దూది సాగదు. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచెయ్యి మెల్లగా వెనక్కి తీసుకెళ్లు. పోగు నీ చేతిలోంచి వస్తున్నట్టుండాలి, నువ్వు లాగుతున్నట్టు కాదు. తెగితే ముడి వెయ్యకు. రెండు కొసలూ కాస్త విడదీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి పురి ఎక్కనివ్వు, అతుక్కుంటుంది. పురి చాలిందా లేదా అని అనుమానం వస్తే పోగుని వదులు చేసి చూడు. తనంతట తనే మెలి తిరిగితే చాలినట్టు, తాడులా ముడతలు పడితే ఎక్కువైనట్టు. వడికిన నూలు చిలపగా, అంటే కట్టగా, చుట్టాక నీళ్లలో కొంచెం సబ్బు వేసి బాగా ఉడికించి ఆరెయ్యి, పురి కుదురుకుంటుంది.

అరగంటకోసారి లేవాలి. ఇది మాత్రం తిట్టి చెబుతున్నాను. రోజంతా ఆఫీసులో మెడ వంచుకునే కూర్చుంటావు, ఇంటికొచ్చి ఫోన్ ముందు కూర్చుంటావు. ఆదివారం కూడా ఆ మెడని కదురు మీదకి వంచితే నలభై ఏళ్లకే నాలా పట్టీ వేసుకోవాలి. దీపం వెలుతురులో వడకొద్దని మా అమ్మ అంటే నేను వినలేదు. నువ్వైనా విను. కింద నల్లగుడ్డ పరుచుకుంటే తెల్ల పోగు కళ్లకి ఇబ్బంది లేకుండా కనిపిస్తుంది. మీలో ఒకమ్మాయికి రెండేళ్ల పాప ఉందటగా. కదురు మొన సూదిలాంటిది. పక్కకి లేచిన ప్రతిసారీ దాన్ని ఊడదీసి పైన పెట్టండి. ఒక్కసారి కూడా మరిచిపోవద్దు.

ఇంకో అమ్మాయికి ఉన్ని వడకాలని ఉందని విన్నాను. అయితే మీ తెలంగాణలోనే దక్కను గొర్రెల నల్ల ఉన్ని ఉంది. కురుమల ఇళ్లలో ఆడవాళ్లు దాన్ని వడికితే, మగవాళ్లు చింతగింజల గంజి పట్టించి గొంగడి నేస్తారు. చేతికి గరుకుగా ఉంటుందని ముందే చెప్పు, స్వెట్టరు ఉన్నిలా ఉంటుందనుకుని నిరాశపడుతుంది.

ఇక అసలు మాట. గోడకి చార్ట్ అంటించారటగా, ఎవరు వారానికి ఎన్ని మీటర్లు వడికారో రాయడానికి. ఉగాదికల్లా అందరి నూలూ కలిపి బట్ట నేయిస్తారట. మీ నాన్న అది గొప్పగా చెప్పాడు. నాకు నిద్ర పట్టనిది ఆ చార్ట్ వల్లే.

మీ అమ్మ బీరువాలో పై అరలో ఉన్న మధుపర్కాలు నువ్వు చూశావు. "అత్త, ఆవిడ స్నేహితురాళ్లు కలిసి వడికిన నూలు" అని మీ అమ్మ అందరికీ చూపిస్తుంది. ఆ మాట పూర్తిగా నిజం కాదు తల్లీ. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

1994 వైశాఖంలో మీ అమ్మానాన్నల పెళ్లి. తమ్ముడి పెళ్లికి మధుపర్కాలు మన చేతి నూలుతోనే నేయించాలన్న ఆలోచన నాది. మా వీధిలో ఐదుగురం చేరాం. మధ్యాహ్నం వంటిళ్లు సర్దుకుని మా వరండాలో కూర్చునేవాళ్లం. అందులో ఎదురింటి వదిన అందరికంటే పెద్దది. ఆ ముందటేడే అన్నయ్యగారు పోయారు. నెలల తరబడి గుమ్మం దాటని మనిషి, రాట్నం పేరు చెబితే వచ్చింది. వచ్చిన మొదటివారం మాట్లాడలేదు. తర్వాత తర్వాత ఆవిడ మాటలకే మేమందరం ముందుగా వచ్చి కూర్చునేవాళ్లం.

మాట్లాడుతూ వడికేది కదా, ఆవిడ పోగు ఒకచోట పురికొసలా, ఒకచోట సాలెపట్టులా ఉండేది. పురి చాలేది కాదు. నేనేమో లెక్కల పుస్తకం పెట్టాను. ఎవరివి ఎన్ని చిలపలు, ఎవరిది సన్నం, ఎవరిది మోటు, అన్నీ రాసేదాన్ని. అందరి ముందూ "వదినా, నీ నూలు ఒకసారి చూడు" అనేదాన్ని. ఆవిడ నవ్వేసి, తన చిలపలు కలిసిపోకుండా ఒక్కోదానికి ఎర్ర దారం కట్టి బుట్టలో పెట్టేది. ఒకరోజు ఉన్నట్టుండి అంది: "పెళ్లి పందిట్లో నేను ముందుకి రాకూడదు కదే. నేను రాకపోయినా నా నూలు పీటల మీద కూర్చుంటుంది." అప్పటి పట్టింపులు ఎలాంటివో నువ్వు విన్నావు కదా. ఆ మాట నా చెవిన పడింది, కానీ మనసుకి ఎక్కలేదు.

మాఘమాసంలో నూలు తీసుకుని నేత తాత దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. ఆయన ఒక్కో చిలపలోంచి పోగు లాగి, వేలికి చుట్టి చూసి, ఆరు చిలపలు పక్కకి పెట్టాడు. "ఇవి పడుగుకి ఆగవమ్మా" అన్నాడు. ఆరూ ఎర్ర దారం కట్టినవే.

పడుగుకి ఆగవు అన్నాడు, పనికిరావు అనలేదు. మగ్గం మీద లాగుడంతా పడుగుదే, అంటే నిలువు పోగులదే. బిగించి కట్టేది దాన్నే, అచ్చులో రాపిడి పడేదీ అదే. పేక, అంటే అడ్డపోగు, నాడెలో కూర్చుని అటూ ఇటూ తిరిగి పడుకుంటుందంతే. పురి తక్కువైన నూలుకి అక్కడ చోటుంది. "తాతా, పేకకి వాడొచ్చా?" అని ఒక్క ముక్క అడిగితే ఆయన వాడేవాడు. బట్టలో అక్కడక్కడా కాస్త మోటు చారలు కనిపించేవేమో. ఆ చారలు నాకిష్టం లేదు. పెళ్లివాళ్లు బట్ట పట్టుకుని చూసి "ఎవరు వడికారమ్మా" అని అడగాలని నా ఆశ. ఆరు చిలపలు కొని ఆ లెక్క పూర్తి చేశాను. వదినవి తెచ్చి అటక మీద ట్రంకుపెట్టెలో పడేశాను. ఎవరికీ చెప్పలేదు.

పెళ్లయ్యాక, అందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు వదిన గదిలోకి వచ్చింది. మడిచిపెట్టిన పంచె అంచు పట్టుకుని, "ఇందులో నావి ఎక్కడున్నాయే?" అని అడిగింది. ఎర్ర అంచు పక్కన చెయ్యి పెట్టి, "ఇదిగో ఇక్కడ, వదినా" అన్నాను. ఆవిడ ఆ చోట వేలితో అటూ ఇటూ చాలాసేపు నిమిరింది.

మరుసటి ఏడు భోగికి ముందు అటక దులుపుతుంటే సాయానికి వచ్చింది. ట్రంకుపెట్టె దించి ఆవిడే మూత తీసింది. ఆరు చిలపలు, ఆరు ఎర్ర దారాలు. నేను నిచ్చెన మీద ఉన్నాను. ఆవిడ చూసి, మూత వేసి, "ఇది పైన పెట్టేదా, కింద ఉంచేదా?" అని అడిగింది. ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. పండగ తర్వాత మా వరండాకి రాలేదు. ఆవిడ లేకపోతే మిగతావాళ్లకీ మాటలు రాలేదు. వేసవి వచ్చేసరికి ఎవరి రాట్నం వాళ్లింట్లో దుమ్ము పట్టింది. కొన్నాళ్లకి ఆవిడ విశాఖపట్నంలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. ఒకసారి ఆ చిలపలు సంచిలో పెట్టుకుని వెళ్లాను. కాఫీ ఇచ్చింది, పిల్లల గురించి అడిగింది, బస్సు వేళ దాకా కూర్చోబెట్టింది. సంచి తెరవలేక వచ్చేశాను. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది.

అందుకని చెబుతున్నాను, ఆ చార్ట్ తీసెయ్యి. ఈరోజే తీసెయ్యి. మా నాయనమ్మ లక్షవత్తుల నోము పట్టినప్పుడు వీధిలో ఆడవాళ్లంతా మా ఇంట్లో చేరి ఒత్తులు చేసేవాళ్లు. లక్ష అంటే లెక్క తప్పకూడదు కదా, కట్టలు కట్టి లెక్కపెట్టేవాళ్లు. కానీ అన్నీ ఒకటే చేటలో పడేవి. ఎవరివి ఎన్ని అని ఎవరూ అడగగా నేను వినలేదు. మీరూ అలాగే ఒక బుట్ట పెట్టుకోండి. చిన్న తువ్వాలుకే మూడు నాలుగు కిలోమీటర్ల నూలు పడుతుంది, కాబట్టి చీర మాట ఇప్పుడే ఎత్తకండి. బుట్ట నిండినప్పుడు నేయించుకోండి, అది ఉగాదికే కానక్కర్లేదు. నేయించేటప్పుడు పడుగుకి గట్టి నూలు, పేకకి మెత్తటి నూలు అని మీరే ఏరి, నేసే ఆయనకి ముందే చెప్పండి. ఐదుగురూ కలిసి వెళ్లండి. ఒక్కరే వెళ్లొద్దు.

మీలో ఎవరో ఒకమ్మాయి ఎప్పుడూ వెనకబడుతుంది చూడు, పోగు తెగుతూనే ఉంటుంది, అయినా ఆదివారం మానదు. ఆ అమ్మాయి రాట్నం కోసం వస్తోందో, మీ కోసం వస్తోందో నీకు తెలియదు. ఆ పిల్ల పక్కన కూర్చో. నీకు కోపం తొందర, నా పోలికే. నూలు గురించి నాలుక మీదకి ఏదైనా వస్తే లేచి వెళ్లి టీ పెట్టు.

రేపు పార్సిల్ పంపిస్తున్నాను. ఐదు తకిలీలు, రెండు కట్టల ఏకులు, కదురుకి వెయ్యడానికి చిన్న సీసాలో నూనె. అరటి డొప్పలు కూడా ఎండబెట్టి పెట్టాను, విరక్కుండా తీయి. అడుగున పాత పంచెముక్కలో చుట్టి ఆరు చిలపలున్నాయి. పసుపు రంగు తిరిగాయి, అక్కడక్కడా పురి విడిపోయింది, కానీ పురుగు పట్టలేదు, ఏటా వేపాకు మారుస్తూ వచ్చాను. మీ తువ్వాలు నేయించేటప్పుడు వాటిని పేకలో వేయించు. చారలు కనిపిస్తే కనిపించనీ. నేసే ముందు గంజి మరీ చిక్కగా పెట్టనివ్వకు, పాత నూలు పెళుసవుతుంది. ఎర్ర దారాలు మాత్రం పారెయ్యకుండా కవర్లో పెట్టి నాకు పంపు. మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించాలా వద్దా అన్నది నాకు తేలడం లేదు. నువ్వే ఆలోచించి చెప్పు.

మీ అత్త