కార్న్ షుగర్ బదులు కార్న్ సిరప్ పోయొచ్చా?

మీరు అడిగింది: 20 లీటర్ల ఏల్ (ఒక రకం బీరు) రెసిపీలో 450 గ్రాముల కార్న్ షుగర్ అని ఉంది, చేతిలో ఉన్నదేమో వంటకు వాడే కార్న్ సిరప్ సీసా. దాన్నే పోయొచ్చా, సీసాల్లో గ్యాస్ పట్టించడానికీ పనికొస్తుందా? మొదటిదానికి జవాబు సీసా మీద ఏం రాసుందో చూశాకే. రెండోదానికి మాత్రం వద్దు.

పేర్లు దగ్గరగా ఉన్నాయని రెండూ ఒకటే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. కార్న్ షుగర్ అంటే డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్‌కే ఇంకో పేరు) పొడి. ఈస్ట్ దాన్ని మిగల్చకుండా తినేస్తుంది. కార్న్ సిరప్ అలా కాదు, అదొక పెద్ద కుటుంబం. మొక్కజొన్న పిండిపదార్థాన్ని ఎంతవరకు ముక్కలు చేశారో చెప్పే అంకెను డీఈ అంటారు. మామూలు 42 డీఈ సిరప్‌లో ఈస్ట్ తినగల గ్లూకోజ్, మాల్టోజ్, మాల్టోట్రయోజ్ మూడూ కలిపినా సగానికి తక్కువే. మిగతావి పొడవాటి డెక్స్‌ట్రిన్ గొలుసులు, బీరు ఈస్ట్‌కు కొరుకుడు పడవు. పైగా బరువులో దాదాపు 20 శాతం నీళ్లే. హై మాల్టోజ్ రకాలు, 95 డీఈ రకం, హై ఫ్రక్టోజ్ రకం వేరు. వీటిలో చాలా భాగం పులుస్తుంది. పెద్ద బ్రూవరీలు కార్న్ సిరప్ వాడతాయని విన్నప్పుడు గుర్తుంచుకోండి, వాళ్లు కొనేది ఈస్ట్‌కు తగ్గట్టు చేయించిన రకం, వంటింటి సీసా కాదు.

మీ రెసిపీకే లెక్క కడదాం. కిలో డెక్స్‌ట్రోజ్ ఒక లీటరులో సుమారు 350 గ్రావిటీ పాయింట్లు (నీళ్లకన్నా ద్రవం ఎంత చిక్కనో చెప్పే కొలత, 1.008 అంటే 8 పాయింట్లు) ఇస్తుంది, పంచదార 384, సిరప్ 300 దాకా. 450 గ్రాముల డెక్స్‌ట్రోజ్ 20 లీటర్లకు 8 పాయింట్లు కలుపుతుంది, ఆల్కహాల్ 1.3 శాతం మేర పెరుగుతుంది, ఫైనల్ గ్రావిటీ (పులియడం ముగిశాక ఉండే రీడింగ్) కాస్త దిగుతుంది. అదే 8 పాయింట్ల కోసం 42 డీఈ సిరప్ 520 గ్రాములు పోస్తే ఆల్కహాల్ పెరిగేది 0.6 శాతమే. ఫైనల్ గ్రావిటీ దిగకపోగా మూడు నాలుగు పాయింట్లు పైన ఆగుతుంది. బీరు పలచబడి పొడిగా తేలాలని రాసిన రెసిపీ చిక్కగా తేలుతుంది. మీకు నా సలహా సిరప్ పక్కన పెట్టి 410 గ్రాముల పంచదార వేయమని. రుచిలో తేడా పట్టుకోవడం కష్టం.

పంచదార వేస్తే సైడర్ వాసన వస్తుందని భయపెడతారు. ఆ వాసనకు ఎక్కువసార్లు కారణం పాత ఈస్ట్, తక్కువ ఈస్ట్, వేడిగా సాగిన పులియబెట్టడం. మొత్తం పులిసే పదార్థంలో చక్కెర 10 శాతం లోపు ఉంటే చింత లేదు. ట్రిపెల్ వంటి బెల్జియన్ బీర్లలో 20 దాకా వెళతారు. అది దాటితే ఈస్ట్‌కు నత్రజని చాలదు, చక్కెరలో అది అసలు లేదు కాబట్టి. అప్పుడు ఈస్ట్ న్యూట్రియంట్ (ఈస్ట్‌కు వేసే పోషకం) వేయాల్సిందే.

అయినా సిరప్పే వాడాలనుకుంటే ముందు లేబుల్ చదవండి. పొటాషియం సార్బేట్, సోడియం బెంజోయేట్ ఉంటే పక్కన పెట్టేయండి, అవి ఈస్ట్‌ను పెరగనివ్వవు. కొన్నింటిలో ఉప్పు, వెనిల్లా కలుపుతారు, అవి బీరులో తేలతాయి. డీఈ సంఖ్య రాసి లేకపోతే పరీక్ష తేలికే: 100 గ్రాముల సిరప్‌ను నీళ్లలో కలిపి లీటరు చేయండి, గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ 1.030 దగ్గర చూపాలి. మరిగించి చల్లార్చి, చిటికెడు న్యూట్రియంట్ (లేదా నీళ్లలో మరిగించిన బ్రెడ్ ఈస్ట్), మీరు బీరుకు వాడే ఈస్ట్ ధారాళంగా వేసి 25 డిగ్రీల దగ్గర ఉంచండి. నాలుగైదు రోజులకు రీడింగ్ కదలడం మానేస్తుంది. 1.000 కన్నా కిందికి దిగితే అంతా పులిసినట్టు. 1.014 దగ్గర నిలిచిపోతే అది 42 డీఈ రకం.

పోసేటప్పుడు జరిగే తప్పు ఒకటుంది. సిరప్ బరువు, నేరుగా గిన్నె అడుక్కి దిగి మాడుతుంది. మంట ఆర్పి, అడుగు తగిలేలా కలిపి, పూర్తిగా కరిగాకే మళ్లీ వెలిగించండి. పొడి చక్కెరయితే ఎగసి మరుగుతున్న వర్ట్‌లో (ఇంకా పులియని మాల్ట్ రసంలో) గుమ్మరించకండి, పొంగి పొయ్యి మీద పడుతుంది.

చక్కెర ఎక్కువైన బీరుకు ఇంకో పద్ధతి మేలు. ముందే గ్లూకోజ్ దండిగా దొరికితే ఈస్ట్ దాని మీదే పడి మాల్ట్‌లోని మాల్టోజ్‌ను పట్టించుకోదు, తర్వాత ఒక్కోసారి మధ్యలోనే చతికిలబడుతుంది. అందుకే మాల్ట్ (మొలకెత్తించిన ధాన్యం) చక్కెరల మీద పని సాగనిచ్చి, మూడో నాలుగో రోజున నురుగు తగ్గుముఖం పట్టాక చక్కెర ఇవ్వండి. 500 గ్రాములకు 250 మిల్లీలీటర్ల నీళ్లు, పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, మెల్లగా పోయాలి. పొడిగా వేస్తే బీరులోని గ్యాస్ ఒక్కసారిగా నురగై బయటికి వస్తుంది. ఈ చక్కెర మీ ఒరిజినల్ గ్రావిటీ (పులియడానికి ముందు తీసిన) రీడింగ్‌లో ఉండదు, పాయింట్లు చేత్తో కలుపుకోవాలి.

ఇక సీసాల గ్యాస్. ఇక్కడ ఎంత పులుస్తుందో కచ్చితంగా తెలిసిన చక్కెరే కావాలి, 42 డీఈ సిరప్‌తో బీరు చప్పగా మిగులుతుంది. సరిపోలేదని రెట్టింపు పోశారనుకోండి, సైసన్ అనే బీరులో వాడే డయాస్టాటికస్ రకం ఈస్ట్ ఉంటే అది డెక్స్‌ట్రిన్లనూ నెలల తరబడి కొరికి సీసాలు పేల్చేస్తుంది. 20 లీటర్లకు, 2.4 వాల్యూముల గ్యాస్‌కు (అంటే లీటరు బీరులో 2.4 లీటర్ల గ్యాస్) పంచదార 120 గ్రాములు, లేదా డెక్స్‌ట్రోజ్ 137. ఇది పులియడం ముగిశాక బీరు చూసిన గరిష్ఠ ఉష్ణోగ్రత 20 డిగ్రీలయితే. ఫ్రిజ్‌లో చల్లబరిచారని 2 డిగ్రీలు వేసి లెక్క కడితే చక్కెర తక్కువ వస్తుంది.

మిగతావి క్లుప్తంగా. తేనె దాదాపు అంతా పులుస్తుంది, పరిమళం మిగలాలంటే మరిగించడం అయ్యాకే వేయండి. మొలాసిస్ 20 లీటర్లకు 150 గ్రాములు దాటితే ఘాటు. లాక్టోజ్ బీరు ఈస్ట్‌కు అసలు పడదు, స్టౌట్ అనే నల్లటి బీరులో 300 నుంచి 500 గ్రాములు వేస్తే తీపి అలాగే నిలుస్తుంది. పాలు పడనివాళ్లకు ఆ బీరు ఇచ్చే ముందు చెప్పండి. తెల్ల క్యాండీ షుగర్ గడ్డలకు ఎక్కువ డబ్బు పెట్టొద్దు, అది పంచదారే. ముదురు క్యాండీ సిరప్ మాత్రం రంగుకూ ఎండుద్రాక్ష లాంటి రుచికీ కొనదగ్గదే.