వ్యాయామం – మీ ప్రశ్నలు: రోయింగ్ మెషీన్ మీద నడుము ఎందుకు పట్టేస్తోంది?

ప్రశ్న: నా వయసు 41. మా అపార్ట్‌మెంట్ జిమ్‌లోని రోయింగ్ మెషీన్ మీద ఆరు నెలలుగా రోజుకు 20 నిమిషాలు సాధన చేస్తున్నాను. డ్యాంపర్‌ను (గాలిచక్రం పక్కనుండే 1–10 అంకెల మీట) 10 మీద పెట్టి నిమిషానికి 32 స్ట్రోకులు లాగుతున్నా 500 మీటర్ల స్ప్లిట్, అంటే ఆ దూరానికి పట్టే సమయం, 2:40 కంటే తగ్గడం లేదు. పైగా మర్నాటికి నడుము పట్టేస్తోంది. చేతులకు బలం పెంచుకోవాలా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: చేతుల జోలికి వెళ్లే ముందు మీరిచ్చిన అంకెలనే లెక్క వేద్దాం. 2 నిమిషాల 40 సెకన్లలో మీరు సుమారు 85 స్ట్రోకులు లాగుతున్నారు, అంటే ఒక్కో స్ట్రోకుకు 6 మీటర్లు కూడా రావడం లేదు. అదే స్ప్లిట్‌ను నిమిషానికి 20 స్ట్రోకులతో సాధించేవారికి ఒక్కో స్ట్రోకుకు 9 మీటర్లకు పైగా వస్తుంది. మీరు కష్టపడటం లేదని కాదు, ఆ కష్టం హ్యాండిల్ లాగినప్పుడు తిరిగే గాలిచక్రం దాకా చేరడం లేదు.

గోదావరి మీద నాటు పడవలో తెడ్డు వేసేవారు కూర్చున్న పలక కదలదు కనుక ఆ పని భుజాలది, వీపుది. మెషీన్‌లో సీటుకు చక్రాలు పెట్టిందే కాళ్ల చేత పని చేయించడానికి. మోకాళ్లు ముడుచుకుని ముందుకు వచ్చినప్పుడు మోకాలి నుంచి మడమ దాకా కాలు నేలకు నిలువుగా ఉండాలి, చేతులు చాచి ఉండాలి, నడుమును గూనిలా వంచకుండా తుంటి దగ్గర మాత్రమే ముందుకు వాలాలి. అక్కడి నుంచి ముందుగా కాళ్లతో నెట్టి, అవి దాదాపు చాచుకున్నాక ఒంటిని కొద్దిగా వెనక్కి వాల్చి, చివరగా హ్యాండిల్‌ను పక్కటెముకల కింది అంచు దాకా లాగాలి. తిరిగి వెళ్లేటప్పుడు ఈ వరుస తలకిందులవుతుంది: చేతులు, ఒళ్లు, ఆ తరువాతే మోకాళ్లు.

మీ నడుము నొప్పికి నాకు ఎక్కువ అనుమానం ఒక పొరపాటు మీద ఉంది. కాళ్లు నెట్టగానే సీటు వెనక్కి జారిపోయి, హ్యాండిల్ మాత్రం ఉన్నచోటే ఉండిపోతే, ఆ తరువాత బరువంతా వంగిన నడుమే ఎత్తవలసి వస్తుంది. పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీయించుకుని సీటూ హ్యాండిలూ ఒకేసారి కదులుతున్నాయో లేదో చూసుకోండి. కదలకపోతే, చేతులు చాచి ఒంటిని ముందుకు వాల్చే ఉంచి, కేవలం కాళ్లతో 20 స్ట్రోకులు చేయడం రోజూ మొదటి పనిగా పెట్టుకోండి. పాదాల పట్టీలు వదులు చేసి మెల్లగా లాగడం కూడా మంచి పరీక్షే, ఎందుకంటే ఒంటిని మరీ వెనక్కి విసిరితే పాదాలు వెంటనే పైకి లేస్తాయి.

డ్యాంపర్ సంగతికొస్తే, అది గాలిచక్రంలోకి వెళ్లే గాలిని హెచ్చుతగ్గులు చేసే మూత మాత్రమే. 10 అంటే ఎక్కువ వ్యాయామం అని కాదు, బరువైన పడవ అని అర్థం. 3 నుంచి 5 మధ్యకు దించండి. మానిటర్‌లో డ్రాగ్ ఫ్యాక్టర్ (గాలిచక్రానికి నిజంగా ఎంత నిరోధం ఉందో చెప్పే అంకె) చూసే వీలుంటే దానినే నమ్మండి. దుమ్ము పట్టిన మెషీన్‌లో డ్యాంపర్ అంకె మోసం చేస్తుంది. డ్రాగ్ ఫ్యాక్టర్ 110–130 మధ్య ఉంటే చాలామందికి సరిపోతుంది.

ఒక నెల పాటు నిమిషానికి 20 స్ట్రోకులు దాటకండి. అప్పుడు ఒక్కో స్ట్రోకుకు 3 సెకన్లు దొరుకుతాయి; వెనక్కి నెట్టడానికి ఒకటి, నింపాదిగా ముందుకు రావడానికి రెండు. మొదటి వారంలో స్ప్లిట్ ఇంకా పెరిగినా కంగారు పడకండి. 2:40కి సుమారు 85 వాట్లు చాలు, 2:20కి సుమారు 128 వాట్లు కావాలి. ఆ ఒకటిన్నర రెట్ల శక్తి వారం రోజుల్లో వచ్చేది కాదు. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి ఉన్నా సాధన ఆపి వైద్యులకు చూపించుకోండి.

ప్రశ్న: ముందుకు వచ్చేటప్పుడు హ్యాండిల్ మోకాళ్లకు తగులుతోంది. పైకెత్తి దాటించడం తప్పా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తప్పే. హ్యాండిల్‌కు ఉన్న గొలుసు మొదటి నుంచి చివరి దాకా ఒకే ఎత్తులో సాగాలి. మీ మోకాళ్లు తొందరపడి లేస్తున్నాయి. చేతులు పూర్తిగా చాచి, ఒళ్లు ముందుకు వాల్చి, కాళ్లు ఇంకా చాచి ఉండగానే ఒక్క క్షణం ఆగండి. హ్యాండిల్ మోకాళ్లను దాటిపోయాకే వాటిని ముడవండి.