రక్త పరీక్షల కేంద్రం వెబ్‌సైటు వికలాంగులు వాడుకునేలా ఉండాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గుంటూరులో మీకు రక్త పరీక్షల కేంద్రం ఉంది, ఇంటికి వచ్చి నమూనా తీసుకెళ్లే సేవ కూడా ఉంది. వెబ్‌సైటు వికలాంగులకు పనికివచ్చేలా చేయమని ఒక కస్టమర్ అడిగారు. సైటు తయారుచేసిన కుర్రాడేమో ప్లగిన్ ఒకటి తగిలిస్తే సరిపోతుందన్నాడు. సరిపోతుందా అని మీ ప్రశ్న. సరిపోదు.

నాకు చూపు లేదు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు వాడతాను, ఫోనులో టాక్‌బ్యాక్, ఆఫీసు కంప్యూటర్లో ఎన్‌వీడీఏ. షుగర్ ఉంది కాబట్టి మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష తప్పదు, దానితోపాటు మీలాంటి కేంద్రాల వెబ్‌సైట్లతో సావాసమూ తప్పదు. అందుకే వాడేవాడి వైపు నుంచి చెబుతాను. కోడ్ సంగతి మీ డెవలపర్ చూసుకోగలడు.

ముందు ఆ ప్లగిన్ సంగతి. పేజీ మూలన మనిషి బొమ్మ ఒకటి కనిపిస్తుంది, నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, రంగులు మారతాయి, కొన్నిటిలో పేజీ చదివి వినిపించే సదుపాయమూ ఉంటుంది. అవన్నీ అవసరమున్నవారి ఫోనులో ముందే ఉన్నాయి. మీ సైటులో పేరు లేని బటన్ ఉంటే అది దేనికో ప్లగిన్ ఊహించి చెప్పాల్సిందే. ఆ ఊహ చాలాసార్లు తప్పుతుంది, కొన్నిసార్లు నా స్క్రీన్ రీడర్‌కే అడ్డం పడుతుంది. తన సాధనం పెట్టుకుంటే ఏ సైటైనా ప్రమాణాలకు సరిపోతుందని ప్రచారం చేసుకున్న ఒక కంపెనీ చేత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్లు కట్టించింది. ప్లగిన్‌కు ఏటేటా కట్టే చందా డబ్బుతో సైటునే బాగుచేయించుకోండి.

చాలామంది సలహాదారులు హోమ్ పేజీ దగ్గర మొదలుపెడతారు. నేనైతే చివరి నుంచి, అంటే రిపోర్టు నుంచి మొదలుపెట్టమంటాను. మీ దగ్గరికి ఎవరైనా వచ్చేది దాని కోసమే కదా.

నేను వెళ్లిన ఒక కేంద్రంలో రిపోర్టును ప్రింటు తీసి, డాక్టరుగారి సంతకం, ముద్ర పడ్డాక స్కాన్ చేసి వాట్సాప్‌లో పంపేవారు. పేరుకది పీడీఎఫ్, నిజానికి కాగితం ఫోటో. తెరిస్తే పత్రం ఖాళీగా ఉందంటుంది స్క్రీన్ రీడర్. ఫోటోలోని అక్షరాలు గుర్తుపట్టే యాప్‌లు ఉన్నాయి, కానీ వాటికి చుక్కలంటే గౌరవం తక్కువ. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1లో ఆ చుక్క జారిపోతే 11 అవుతుంది, ఆ రాత్రి నిద్ర పట్టదు. లేదా పక్కింటివారి చేత చదివించుకోవాలి. షుగర్ అంకెలైతే ఫరవాలేదు. గర్భనిర్ధారణ పరీక్షో, హెచ్‌ఐవీ పరీక్షో అయితే, ఫలితం తనకన్నా ముందు వేరొకరికి తెలియాలని ఎవరు కోరుకుంటారు?

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. మీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే మూల పీడీఎఫ్‌లో మామూలుగా అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. సంతకం బొమ్మను సాఫ్ట్‌వేర్‌లోనే చేర్చి, ప్రింటు, స్కాన్ దాకా వెళ్లకుండా ఆ మూలాన్నే పంపండి. తర్వాత అందులోని పట్టిక చదివే వరుస సరిగా ఉందో లేదో చూడండి. కొన్ని రిపోర్టుల్లో పరీక్షల పేర్లన్నీ ముందు, ఫలితాలన్నీ తర్వాత, మామూలు స్థాయులన్నీ చివర వినిపిస్తాయి. హిమోగ్లోబిన్‌కు ఏ అంకె చెందిందో వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. ఇంకొకటి, హద్దు దాటిన ఫలితాన్ని ముద్దక్షరాల్లోనో ఎరుపులోనో చూపించి ఊరుకుంటారు. ఆ తేడా చెవికి తెలియదు. పక్కన ‘ఎక్కువ’, ‘తక్కువ’ అన్న మాట చేర్చమనండి. రంగులు సరిగా గుర్తించలేనివారికీ, నలుపు తెలుపుల్లో ప్రింటు తీసుకునేవారికీ అది అంతే అవసరం. సాఫ్ట్‌వేర్ కంపెనీ కుదరదంటే, అడిగినవారికి ఫలితాలను మామూలు మెసేజ్‌గా టైపు చేసి పంపండి. అయిదు నిమిషాల పని.

ఇక ధరల పట్టిక. మన ఊళ్లలో చిన్న వ్యాపారాల సైట్లన్నిటిదీ ఒకటే జబ్బు, కరపత్రాన్ని ఫోటోగా ఎక్కించి వదిలేస్తారు. డీటీపీ సెంటరులో అను ఫాంటులో టైపు చేయించిన ఆ కరపత్రంలో ప్యాకేజీలు, ధరలు, ‘పరగడుపున రావాలి’ అన్న సూచన అన్నీ ఉంటాయి. నాకు వినిపించేది మాత్రం ‘చిత్రం’ అన్న మాట, దాని వెనుక ఫైలు పేరు, ఓ పొడవాటి అంకె. పరగడుపు సంగతి తెలియక టిఫిన్ చేసి వచ్చినవారిని మీరు వెనక్కి పంపాల్సి వస్తుంది, మీకూ నష్టమే. ఆ వివరాలను యూనికోడ్ తెలుగులో, అంటే ఫోనులో మెసేజ్ టైపు చేసే మామూలు తెలుగులో, పేజీ మీదే టైపు చేయించండి, ఫోటో కావాలంటే అదనంగా ఉండనివ్వండి. ఇలా చేస్తే గూగుల్‌లో పరీక్ష పేరు వెతికేవారికీ మీ పేజీ దొరుకుతుంది.

తెలుగు పేజీ అయితే, దాని భాష తెలుగు అని కోడ్‌లో ప్రకటించే చిన్న గుర్తు ఒకటి ఉంటుంది. మీ డెవలపర్‌కు తెలిసే ఉంటుంది, చాలామంది పెట్టరు. అది లేకపోతే కొన్ని స్క్రీన్ రీడర్లు తెలుగును ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తడబడతాయి, కొన్ని మౌనంగా దాటేస్తాయి.

బుకింగ్ ఫారమ్‌లో నన్ను ఎక్కువగా ఆపేది క్యాలెండర్. మౌసుతో తేదీ మీద నొక్కితే తప్ప కదలని రకాలు ఉన్నాయి. మీకు కావలసింది రాబోయే వారం రోజుల్లో ఒక తేదీ, ఒక సమయం. దానికి మామూలు ఎంపిక జాబితా చాలు. పేరు, ఫోను, చిరునామా గడులకు శీర్షిక విడిగా ఉండాలి. గడి లోపల లేతరంగులో రాసి టైపు చేయగానే మాయమయ్యే మాటను శీర్షికగా లెక్కవేయకూడదు. ఏదైనా తప్పు పడితే గడి చుట్టూ ఎర్రగీత గీసి ఊరుకోవద్దు, ‘ఫోను నంబరులో ఒక అంకె తక్కువైంది’ అని మాటల్లో చెప్పాలి. వంకర అక్షరాలు చూసి టైపు చేయమనే క్యాప్చా ఉంటే తీసేయండి. ఎలాగూ ఓటీపీ అడుగుతున్నారు కదా, అది చాలు. డబ్బు కట్టే చోట క్యూఆర్ కోడ్ ఒక్కటే పెడితే, అదే ఫోనులో సైటు చూస్తున్నవారు దాన్ని ఎలా స్కాన్ చేస్తారు? చూపున్నవారికీ కష్టమే. యూపీఐ ఐడీని కాపీ చేసుకునేలా అక్షరాల్లో ఇవ్వండి.

ఇప్పటిదాకా నా గోడు చెప్పాను. నా స్నేహితుడొకరికి వినికిడి లేదు. ఆయనకు ఫారమ్ నింపడంలో ఏ చిక్కూ లేదు, చిక్కంతా దాని తర్వాతే. ‘మా ప్రతినిధి ఫోన్ చేసి నిర్ధారిస్తారు’ అని వస్తుంది. ఫోను మోగుతుంది, ఆయన ఎత్తినా లాభం లేదు, అవతలివారు బుకింగ్ రద్దు చేసేస్తారు. పోనీ అది దాటినా, నమూనా తీసుకునే అబ్బాయి పొద్దున్నే అపార్టుమెంటు కింద నిలబడి మళ్లీ ఫోనే చేస్తాడు. ఫారమ్‌లో ‘ఫోన్ చేయవద్దు, మెసేజ్ పంపండి’ అని టిక్కు పెట్టే గడి ఒకటి చేర్చండి. అయితే ఆ టిక్కు నమూనా తీసుకునే అబ్బాయి ఫోను దాకా చేరాలి, లేకపోతే పెట్టీ ప్రయోజనం లేదు. సైటులో వీడియోలు ఉంటే మాటలు అక్షరాల్లో కింద కనిపించాలి.

చక్రాల కుర్చీ వాడేవారికి మీ సైటు నుంచి కావలసింది సమాచారం. వీధి నుంచి లోపలికి ఎన్ని మెట్లు, ర్యాంపు ఉందా, లిఫ్టు ఉందా, కుర్చీ లిఫ్టులో పడుతుందా, మూత్ర నమూనా ఇవ్వడానికి వెళ్లే బాత్రూము తలుపు ఎంత వెడల్పు. ఉన్నది ఉన్నట్టు రాయండి. ‘మేం మొదటి అంతస్తులో ఉన్నాం, లిఫ్టు లేదు, మెట్లు ఎక్కలేనివారికి ఇంటి దగ్గరే తీసుకుంటాం’ అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు. ఆటో ఖర్చు పెట్టుకుని వచ్చి మెట్ల దగ్గర ఆగిపోయినవారు మాత్రం మళ్లీ మీ ముఖం చూడరు. ఇంటి సేవకు అదనపు రుసుము ఉంటే వీరికి మాఫీ చేయడం న్యాయమని నా అభిప్రాయం. మెట్లు వారు కట్టలేదు కదా.

చూపు మందగించినవారికి, ముఖ్యంగా పెద్దవయసువారికి, తెల్లని పేజీ మీద లేత బూడిదరంగు అక్షరాలు శత్రువులు. డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణం మామూలు అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య కనీసం 4.5:1 తేడా ఉండాలంటుంది. తెలుగుకు వరుసల మధ్య ఎడం కూడా ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ కోసం చేసిన డిజైన్‌లో తెలుగు పోస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుకుంటాయి. వేళ్లతో సాగదీసి పేజీ పెద్దది చేసుకోవడాన్ని కొన్ని సైట్లు అడ్డుకుంటాయి, ఆ పని చేయవద్దు. చేతులు వణికేవారికి బటన్లు పెద్దవిగా ఉండాలి. మూలన తేలే వాట్సాప్ గుర్తు ‘బుక్ చేయండి’ బటన్ మీదికి రాకుండా చూసుకోండి. నేను చూసిన సైట్లలో ఇది తరచుగా జరుగుతోంది.

ఇది చట్టప్రకారం తప్పనిసరా అని కూడా అడిగారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్ ప్రభుత్వ సేవలతోపాటు ప్రైవేటు సేవలందించేవారి గురించీ మాట్లాడుతుంది. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద తొలిసారి 10,000 రూపాయల దాకా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17802 పేరుతో ప్రమాణమూ ఇచ్చింది. డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వచ్చే జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. నోటీసు వస్తుందేమోనన్న భయంతో చేసేవారు ప్లగిన్ దగ్గరే ఆగిపోతారు కాబట్టి నేను దీని గురించి ఎక్కువ చెప్పను.

అయిందో లేదో తెలుసుకోవడానికి మౌసు పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్ లాంటి కీబోర్డు మీటలతోనే ఒక పరీక్ష బుక్ చేసి చూడండి. ఎక్కడున్నామో తెరమీద కనిపిస్తూ ఉండాలి. తర్వాత ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టుకుని, వేలిని కుడివైపు జరుపుతూ, రెండుసార్లు తడుతూ, కళ్లు మూసుకుని అదే పని చేయండి. ఎన్‌వీడీఏ కూడా ఉచితమే. క్రోమ్‌లో ఉండే లైట్‌హౌస్, వెబ్‌ఎయిమ్ వారి వేవ్ లాంటి సాధనాలు రంగులు, శీర్షికల లోపాలు పట్టిస్తాయి కానీ, మీ రిపోర్టు చదవగలమో లేదో వాటికి తెలియదు. మిమ్మల్ని అడిగిన ఆ కస్టమర్‌నే పిలిచి, బుకింగ్ నుంచి రిపోర్టు దాకా ఒకసారి వాడి చూడమనండి, ఆ సమయానికి డబ్బివ్వండి. ‘మీకూ మంచిదే కదా’ అని ఉచితంగా చేయించుకునేవారు చాలామంది తగిలారు నాకు.

అన్నీ ఒకేసారి కుదరకపోతే ఈ వారం మూల పీడీఎఫ్ పంపడం, ధరల పట్టిక టైపు చేయించడం, మెసేజ్ గడి చేర్చడం, ఈ మూడూ చేయండి. గూగుల్ మ్యాప్స్‌లో మీ కేంద్రం వివరాల్లో చక్రాల కుర్చీ లోపలికి వస్తుందో లేదో చెప్పే అంశం ఉంటుంది, దాన్నీ నింపండి. క్యాలెండర్, రంగులు వచ్చే నెలకు పెట్టుకోవచ్చు. మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చే పీడీఎఫ్ నమూనా ఒకటి, రోగి వివరాలు తీసేసి ఇక్కడ పెడితే, ఎలా చదువుతోందో విని చెబుతాను.