కారే నడుపుతుంటే డ్రైవర్ ఎవరు? సుంకి ఘాట్ ఎక్కి దిగినవాడి మాట

మీరు అడిగింది రెండు ముక్కలు. కొత్త కారులో రోడ్డు గీతలు చూసి బండిని వాటి మధ్యనే నడిపే లేన్ అసిస్ట్, దానంతట అదే వేగం సర్దుకునే క్రూజ్ ఉన్నాయి. అవి పనిచేస్తుండగా ఎవరికైనా తగిలితే కేసు మీ మీదా, కంపెనీ మీదా? రేపు ఇంకా తెలివైన బండ్లు వస్తే చట్టం ఎవరిని డ్రైవర్ అనాలి?

మొదటిదానికి జవాబు చిన్నది: మీ మీదే. మన షోరూముల్లో అమ్ముతున్న కార్లు లెవెల్ 2 దాటలేదు. కారు తనంతట తాను ఎంతవరకు నడవగలదో చెప్పే మెట్లు సున్నా నుంచి 5 వరకు ఉన్నాయి, లెవెల్ 2 అంటే స్టీరింగు, వేగం కారు చూసుకున్నా రోడ్డు చూడాల్సింది మనిషే. స్టేషన్లో "కారే నడిపింది సార్" అంటే వినేవాళ్ళు ఉండరు.

రెండో ప్రశ్న గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది. మాది సాలూరు, అక్కడి నుంచి ఒడిశాలోకి ఎక్కే కొండదారే సుంకి ఘాట్. 22 ఏళ్ళు లారీ మీద ఉన్నాను, ఎక్కువగా విశాఖ నుంచి కోరాపుట్ మీదుగా రాయపూర్ వైపు. ఇప్పుడు ఒడిశాలోని జయపురంలో డ్రైవింగ్ నేర్పుతున్నాను. దూరపు లోడుకు ఇద్దరు డ్రైవర్లం వెళ్ళేవాళ్ళం. బండి చేతులు మార్చడానికి మాకొక పద్ధతి ఉండేది. ఘాట్‌లో మార్చకూడదు. చదునులో పక్కకు ఆపి, ఇద్దరం దిగి, టైర్లు తట్టి చూసి, టీ తాగేవాళ్ళం. బ్రేకు ఎలా పడుతోంది, లోడు ఎటు ఒరుగుతోంది, ముందు రోడ్డు ఎక్కడ తవ్వారు, అన్నీ చెప్పుకునేవాళ్ళం. నిద్ర లేచి వచ్చినవాడు సీట్లో కూర్చుని "బండి నాది" అని పైకి అనాలి. ఆ మాట వినేదాకా నేను నడుం వాల్చేవాణ్ణి కాదు.

పోయిన చలికాలం మా మేనల్లుడు కొత్త కారులో నన్ను విశాఖ తీసుకెళ్తున్నాడు. సెమిలిగుడ దాకా కారు ఎంత చక్కగా నడిచిందంటే నేనే మెచ్చుకున్నాను. ఘాట్ దిగుడుకు ముందు వచ్చే పొట్టంగి దాటాక మంచు కమ్మింది. కొత్తగా తారు వేసిన చోట తెల్ల గీత లేదు. గీత కనబడకపోయేసరికి లేన్ అసిస్ట్ వదిలేసింది. ముందున్న తెర మీద పచ్చ బొమ్మ బూడిద రంగుకు మారింది, చిన్న శబ్దం వచ్చింది, అది మా మాటల్లో కలిసిపోయింది. బండి మెల్లగా ఎడమ అంచుకు జరుగుతోంది. నేను చెయ్యి చాపి స్టీరింగు లాగాను. వాడు ఉలిక్కిపడి "అదే తిప్పుతోందనుకున్నాను మావయ్యా" అన్నాడు. ఏమీ కాలేదు. కానీ ఆ రెండు మూడు సెకన్లు ఆ బండికి డ్రైవర్ లేడు. సుంకిలో టీకి ఆగినప్పుడు కూడా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

అందుకే, నిబంధనలు రాసేవాళ్ళు ముందు ఈ చేతులు మారే ఘడియనే పట్టించుకోవాలంటాను. తనే నడుస్తూ, అవసరమైతే మనిషిని పిలిచే లెవెల్ 3 బండ్ల కోసం 2020లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 157వ నియమంలో ఇది కొంత ఉంది. మనిషిని పిలిచాక కారు కనీసం 10 సెకన్లు తనే నడపాలి, అప్పటికీ అందుకోకపోతే తనే ఆగాలి. మొదట గంటకు 60 కిలోమీటర్ల వేగం వరకే ఒప్పుకున్నారు, తర్వాత 130కి పెంచారు. ఆ వేగంలో 10 సెకన్లంటే 360 మీటర్లు. పాదచారులు రాని, మధ్యలో డివైడర్ ఉన్న రోడ్ల సంగతి అది. రాయపూర్–విశాఖ ఆరు వరుసల కొత్త రోడ్డు మీద సరిపోతుందేమో. పాత ఘాట్ మీద 10 సెకన్లలో రెండు మలుపులు దాటిపోతాయి.

2018 మార్చిలో అమెరికాలోని టెంపీ ఊళ్ళో ఊబర్ పరీక్షిస్తున్న, తనంతట తానే నడిచే కారు, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఢీకొట్టి చంపింది. జీబ్రా గీతలు లేని చోట కూడా మనుషులు దాటుతారన్న సంగతే ఆ సాఫ్ట్‌వేర్ లెక్కలో లేదని దర్యాప్తులో తేలింది. ఇది చదివినప్పుడు నాకు మా దారిలోని కుందులి సంత గుర్తొచ్చింది. తల మీద గంపలతో, మేకలతో హైవే దాటే మనవాళ్ళంతా ఆ లెక్కకు బయటివాళ్ళే కదా! కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. కారును కనిపెట్టి ఉండాల్సింది పోయి సీట్లో కూర్చుని ఫోన్ చూస్తున్న ఆపరేటర్ 2023లో నేరం ఒప్పుకుంది, మూడేళ్ళ ప్రొబేషన్ పడింది. ఆమె తప్పు లేదనను. కానీ చేతికి పని లేకుండా గంటల తరబడి మెలకువగా ఉండడం ఎంత కష్టమో రాత్రి బండి మీద ఉన్నవాడికి తెలుసు. అలాంటి కొలువులో మనిషిని కూర్చోబెట్టి నేరం మొత్తం అతని నెత్తిన వేయడం అన్యాయం.

మన 1988 మోటారు వాహనాల చట్టంలో డ్రైవర్ నిర్వచనం ఒక్క వాక్యమే: ఇంకో బండి లాగుతున్న బండికి స్టీరింగు పట్టుకున్న మనిషి కూడా డ్రైవరే అని. ఒకసారి ఇంజన్ పట్టేస్తే నా లారీని సాలూరు దాకా అలాగే లాక్కెళ్ళారు. వేగం ముందువాడిది, స్టీరింగు నాది. ఇద్దరం డ్రైవర్లమే, ఎవరి పని వారిది. ఈ పని పంపకాన్నే కొత్త బండ్లకూ వివరంగా రాయాలి.

బ్రిటన్ 2024లో చేసిన చట్టం ఆ దారిలోనే ఉంది. అనుమతి ఉన్న బండి తనే నడుస్తున్నప్పుడు, నడిపిన తీరుకు సీట్లో ఉన్న మనిషి మీద కేసు ఉండదు, అనుమతి తెచ్చుకున్న సంస్థ జవాబు చెప్పాలి. బీమా, లోడు, పిల్లల సీటు బెల్టు మాత్రం మనిషి బాధ్యతే. పరిహారం సంగతి అక్కడి 2018 చట్టంలోనే తేల్చారు: బీమా కంపెనీ ముందు బాధితుడికి కట్టి, తర్వాత తప్పు ఎవరిదైతే వాళ్ళ దగ్గర రాబట్టుకుంటుంది. మనకు ఇది మరీ కావాలి. సంతకు వెళ్తూ కాలు విరిగిన ముసలమ్మ, సాఫ్ట్‌వేర్ వాదన తేలేదాకా పరిహారం తేల్చే ట్రైబ్యునల్ చుట్టూ ఎలా తిరుగుతుంది?

ఇంకొకటి. మన చట్టం 134వ సెక్షన్ ప్రకారం దెబ్బ తగిలినవారిని వైద్యుడికి చూపించడం, పోలీసులకు చెప్పడం డ్రైవర్ విధి. సీట్లో ఎవరూ లేని బండికి ఆ పని ఎవరు చేస్తారు? జర్మనీ 2021లో దూరం నుంచి బండిని గమనించి ఆపగల మనిషి ఉండాలని రాసింది. ఫోన్ సిగ్నల్ తెగిపోయే మలుపులో ఆ మనిషి మనకు ఏం ఉపయోగపడతాడు? ఒడిశా సరిహద్దు రోడ్లు చూసినవాళ్ళు కూడా నిబంధనలు రాసే బల్ల దగ్గర ఉండాలి.

డ్రైవర్ల ఉపాధి పోతుందని, డ్రైవర్ లేని కార్లను మన దేశంలోకి రానివ్వనని గడ్కరీ గారు అన్నారు. నా శిష్యుల్లో చాలామంది ఆ ఉపాధి కోసమే నేర్చుకుంటున్నారు, కాబట్టి నాకది ఊరట. కానీ సగం డ్రైవర్ ఉన్న కార్లు ఇప్పటికే ఘాట్ ఎక్కుతున్నాయి.

ఇప్పటికి మీరు చేయగలిగింది, మా మేనల్లుడు చేస్తున్నదే. పొట్టంగి రాకముందే లేన్ అసిస్ట్ బటన్ ఆపేస్తాడు. ఆపి, పక్కన ఎవరున్నా లేకపోయినా, "బండి నాది" అని పైకి అంటాడు.