మాంసం మానేసిన పిల్ల దిగులుగా ఉంటే: మా ఇంట్లో జరిగింది

పదహారేళ్ల మీ అమ్మాయి మాంసం మానేసి ఏడాదైందని, ఈమధ్య ఊరికే ఏడుస్తోందని, విసుక్కుంటోందని, ఇదంతా తిండి వల్లేనా అని అడిగారు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. నేను డాక్టర్ని కాదండీ, ఒక తల్లిని.

మాది మదనపల్లె, ఉండేది బెంగళూరు కేఆర్ పురంలో. ఆదివారం ముక్క లేనిదే ముద్ద దిగని ఇల్లు. మా పాప తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ల నాన్నతో చికెన్ షాపుకెళ్లింది. కోసి పడేసిన కోడి డ్రమ్ములో కొట్టుకునే చప్పుడు విని వచ్చి, ఇక తిననంది. నాలుగు రోజుల ముచ్చటలే అనుకున్నాం. తర్వాత గుడ్డు మానేసింది, ఆ తర్వాత పాలు, పెరుగు.

ముక్క తీసేసిన చోట మేమేమీ పెట్టలేదు. మాకు కూర, తనకు చారు, అప్పడం. బాక్సులో వారానికి నాలుగు రోజులు టమాటా రైసే. తిన్న వెంటనే టీ. ఒకరోజు మా అత్త "ముక్కలు తీసేశాలే, ఒట్టి పులుసేగా" అంటూ అన్నంలో పోసేసింది. పాప కంచం వదిలేసి లేచిపోయింది. ఆ రోజు నుంచి ఏ గిన్నె అయినా మూత తీసి వాసన చూశాకే తినేది. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పదో తరగతికొచ్చేసరికి స్కూల్ నుంచి రాగానే బూట్లతోనే పడుకునేది. రెండంతస్తులెక్కితే ఆయాసం. ఏమడిగినా కస్సుమనేది. ఫోన్ వల్లే అన్నాను నేను. "గడ్డి తింటే అంతే" అన్నారు మా ఆయన. చివరికి డాక్టరు రక్తపరీక్ష రాస్తే, 12 ఉండాల్సిన హిమోగ్లోబిన్ 9.6 ఉంది. విటమిన్ బీ12 కూడా బాగా తక్కువ.

బీ12 సహజంగా పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే దొరుకుతుంది. తగ్గితే నీరసం, తిమ్మిర్లతో పాటు చిరాకు, దిగులు కూడా రావచ్చు. కాబట్టి పెరుగన్నం తినే శాకాహారి వేరు, అన్నీ మానేసిన మా పాప వేరు. ఇక ఐరన్: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో 16–18 ఏళ్ల ఆడపిల్లకు రోజుకు 32 మిల్లీగ్రాములు కావాలి. టమాటా రైస్‌తో అదెక్కడొస్తుంది? పప్పులో, ఆకుకూరలో ఉన్న ఐరన్ ఒంటికి పట్టేది తక్కువే. నిమ్మకాయ పిండుకుంటే కాస్త ఎక్కువ పడుతుంది, పైన టీ తాగితే ఆ కాస్తా తగ్గిపోతుంది.

శాకాహారులకు డిప్రెషన్ ఎక్కువని విదేశీ సర్వేల వార్తలు కనిపిస్తాయి, లేదనేవీ ఉన్నాయి. దిగులు ముందొచ్చిందా, తిండి ముందు మారిందా అన్నది అలాంటి సర్వేలతో తేలదు. తరతరాలుగా మాంసం ముట్టని ఇళ్లున్న మన దగ్గరికి వాటిని యథాతథంగా తెచ్చుకోవడం నాకైతే నచ్చదు.

మందులు వాడాక నెలన్నరకి నీరసం తగ్గింది. కోపం మాత్రం అలాగే ఉంది. ఆ డిసెంబర్‌లో అనపకాయలొచ్చాయి, చిక్కుడు జాతివి, ఇక్కడ అవరెకాయి అంటారు. రాత్రి గింజలు నానబెట్టి, పొద్దున పితికిపప్పు కోసం ఇద్దరం కూర్చుని పితుకుతున్నాం. వేళ్ల మధ్య నొక్కితే పప్పు జారి గిన్నెలో పడుతుంది, తొక్క చేతిలో ఉండిపోతుంది. తలెత్తకుండానే చెప్పింది, క్లాసులో ఫ్రెండ్స్ మూడు నెలలుగా తనతో కలిసి తినడం లేదని. రక్తపరీక్షలో అది ఎలా తెలుస్తుంది? తర్వాత కౌన్సెలర్ దగ్గరికి నాలుగైదుసార్లు తీసుకెళ్లాం.

మీరు ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష), బీ12 చూపించండి. మాత్రలు మాత్రం డాక్టర్ని అడగకుండా వేయకండి. లావైపోతానని భయపడి ఒక్కొక్కటీ మానేస్తోందేమో కూడా గమనించండి, అది వేరే సమస్య. దిగులు రెండు వారాలకు మించి ఉంటే ఆలస్యం చేయొద్దు. బతకాలని లేదన్న మాట నోట వస్తే ఆ రోజే చూపించండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

మీ అమ్మాయి పాలు, పెరుగు తీసుకుంటోందా? అది రాయలేదు మీరు.